మూలమట్టం

వడ్రంగి పెద్దాయన తలుపును గుమ్మానికి ఆనించి మెల్లగా నెట్టాడు. పైమూల దగ్గర పట్టేసింది. మోకాలు ఆన్చి నెట్టినా కదల్లేదు. మూలమట్టం పెట్టి చూస్తే తలుపు మూలలన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి. ఒరిగింది పాత గుమ్మమే. కోయకముందే కూతురు ఆ మాట చెప్పింది. ఆయన చెవిన పెట్టలేదు.

కూతురి కుడిచెయ్యి పుట్టుకతోనే వంకర. చిత్రికను అందరూ ముందుకు తోస్తారు. ఆమె ఎడంచేత్తో తనవైపు లాగుతుంది. తెడ్డు లాగుతూ పడవ నడుపుతోందని తోటి పనివాళ్లు వేళాకోళం చేసేవారు. ఆయనా ఏళ్ల తరబడి దిద్దబోయి విసిగిపోయాడు. ఇక ఒంట్లో ఓపిక లేదు. తన వడ్రంగి కొట్టు ఎవరి చేతిలో పెట్టాలో ఈ సాయంత్రానికల్లా తేల్చాలి. కూతురికా, బావమరిది కొడుక్కా?

ఆ తలుపు పెట్టించుకుంటున్న ఇంటావిడ ఇంగ్లీషు టీచరు. అడక్కుండానే ఫ్యాను వాళ్లవైపు తిప్పింది. ఎన్నాళ్లుగానో లోపల నలుగుతున్న ప్రశ్న ఆయన అడిగేశాడు.

"మా పిల్ల పుట్టినప్పుడు డాక్టరు అబ్‌నార్మల్ అన్నాడమ్మా. అసలు ఆ మాటకి అర్థమేంటి?"

మామూలుకి భిన్నమైనదని అర్థమట. మాట పుట్టింది మాత్రం లాటిన్‌లోనట. అక్కడ నార్మా అంటే వడ్రంగి మూలమట్టమేనట. దాన్నుంచి పక్కకు జరిగినదని ఆ మాటకు మొదటి భావమని టీచరమ్మ చెప్పింది.

ఆయన చేతిలోని మట్టం కేసి చూసుకున్నాడు.

"అంతేనా? ఏదో జబ్బు పేరనుకున్నా. అలాగైతే మీ ఇంట్లో ఒక్క గోడకీ ఒంట్లో బాగాలేదమ్మా."

టీచరమ్మ పకపకా నవ్వింది. కూతురు నవ్వలేదు. తలుపు దింపుకుని, గుమ్మం వాలు చూసి, అంచున పెన్సిలుతో గీత గీసింది.

"ఆ మట్టం పక్కన పెట్టు నాన్నా. గుమ్మం ఎలా ఉంటే తలుపూ అలాగే ఉండాలి."

చిత్రిక లాగడం మొదలుపెట్టింది. పొట్టు తెగకుండా చుట్టలు చుట్టలుగా ఆమె పాదాల మీద పడుతోంది. ఇన్నేళ్లూ ఆయన చూసింది ఆ వంకర చేతినే. ఇవాళ తలుపు అంచు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించాడు. ఎక్కడా గాటు తగల్లేదు.

జేబులోంచి కొట్టు తాళంచెవులు తీసి ఆమె పనిసంచిలో వేశాడు. బావమరిది కొడుక్కి తానే చెప్పుకుంటానన్నాడు. బిగించిన తలుపు వేసి తీసి చూడందే ఆయన ఏనాడూ ఏ ఇంటి గడపా దాటలేదు. ఇవాళ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

టీచరమ్మ టీ తెచ్చేసరికి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంటోంది. పెద్దాయన ఏడని అడిగింది. ఇంటికెళ్లాడంది కూతురు, కొంచెం గర్వంగా. కిటికీలో ఆయనకని తెచ్చిన టీ గ్లాసు, చల్లారకుండా పైన మూసిన సాసరు, సాసరులో ఫ్యాను గాలికి అటూ ఇటూ దొర్లుతున్న సన్నని పొట్టు చుట్ట.