నీరు తగులని కానుక

వసంతము ముదిరి గ్రీష్మమునకు దారి యిచ్చుచున్న దినములవి. సముద్రమును సమీపించిన నదీప్రవాహము వార్ధకమున నున్న రాజుల కొలువువలె వెడల్పెక్కి లోతు తగ్గి మందగమనమున సాగుచుండెను. ఉభయతీరములయందును మోకాలిబంటి నీట నిలిచి అద్దకపువారు బండలపై బాదుచున్న వస్త్రములనుండి స్రవించు కరక్కాయపసరును వేరుకషాయమును గలసి క్రోశమాత్రము నీటిని జేగురువన్నెకు దెచ్చుచుండెను. ఇసుకతిన్నెలపై నారవేసిన సహస్రాధిక రక్తాంబరములు మధ్యాహ్నాతపమున ప్రజ్వరిల్లుచుండ దూరమున నోడలపై బోవువారికి తీరమంతయు మోదుగు పూచినట్లు గన్పట్టుచుండెను.

ఆ రేవునకు మొగలిరేవని పేరు. దాని నేలువాడు వీరగండరాయడు. ఆతని బిరుదావళిని వందిమాగధులు చదివి ముగించులోపల నొక మోస్తరు గుఱ్ఱము రాజ్యమునందలి యీ కొననుండి యా కొనకు బోయి నీరు త్రాగి మరలి రాగలదు. ఆ రాజ్యమునకు బంగారుగనులు లేవు. వరిపొలములును చాలినన్ని లేవు. ఉన్నది యెఱ్ఱరంగు నిచ్చు చిరివేరు. జానెడు మొక్కయు మూరెడు వేరును గల యా గుల్మము తీరపుటిసుకలో మూడేండ్లు ముదిరినగాని కాగున వేయుటకు బనికిరాదు. ఆ కాగున నెఱుపు నిలుచుటకు సంగమస్థలమున గవ్వసున్నము గలసిన యా నదీజలమే కావలెను. వేఱొండు నీట నద్దిన నది యిటికపొడి చాయకు దిగజారును. ఈ సంగతి మొగలిరేవు నందలి ముసలియవ్వలకు దెలియును. మంత్రులకు దెలియదు.

ఆ యెఱ్ఱబట్టలలో బదింట దొమ్మిదిపాళ్ళు ఉత్తరతీరమున నూఱామడల మేర విస్తరించియున్న విపులాసామ్రాజ్యమే కొనుచుండెను. కొనువాడొక్కడే యైనప్పు డమ్మువాని స్వాతంత్ర్య మెంతటిదో విచారించుటకు శాస్త్రపాండిత్య మక్కఱలేదు. గడచిన ఫాల్గునమున విపులాపురి సుంకాధ్యక్షుడు అర్థపాలు డొక యాజ్ఞాపత్రము బంపెను. మొగలిరేవు వస్త్రముపై నిరువదింట నొకపాలుగా నున్న సుంకమికమీద నాలుగింట నొకపాలు. వట్టి వేరుపై సుంకమేమియు లేదు. సామ్రాజ్యమందలి చేతిపనులవారిని రక్షించుటకై చక్రవర్తి యిట్లు కరుణించెనని యా పత్రము చెప్పెను. అర్థపాలుని బావమఱది యా నగరోపాంతమున నూఱు కాగులతో నద్దకపుశాల కట్టించుచున్నాడని మాత్రము చెప్పదయ్యెను.

మొగలిరేవున నద్దకపువారి కుటుంబములు మున్నూఱు. వారి పెద్ద కొమ్మన. ఏబదియేండ్లవాడు, మోచేతులదాక నెఱుపెక్కి యిక నే సబ్బునకును వదలని చేతులవాడు. ఆ వేళకు వారి పాకలలో నన్నూఱు మోపుల వస్త్రము సిద్ధమై యుండెను. ఆషాఢపు వానలకు ముందు పాత సుంకముమీద నది యుత్తరమునకు బోయినగాని వారికి సంవత్సరగ్రాసము లేదు. పోనిచో బట్ట బూజుపట్టును. కాగులు చల్లారును. తాతలనాటి పనివాండ్రు వేరులు త్రవ్వు కూలివాండ్రగుదురు.

రాజు సభ గూర్చెను. కొమ్మనకు స్తంభముచాటున నిలుచుట కనుజ్ఞ దొరకెను. అడిగినప్పు డాతడు తనకు దోచినది చెప్పెను. వారు వేరును సుంకము లేకుండ గోరుచున్నారన్న వేరు వారికి గావలెనన్నమాట. ఒక్క యేడాది వేరు బంపుట యాపిన నూఱు కాగులును చల్లబడును. అప్పుడు బట్టనుగూర్చి మాటలాడుకొనవచ్చును. వినువారిలో లెక్క యెఱిగిన వాడొక్కడున్నను నా మాట నిలిచియుండెడిది.

ప్రధాని బాచనప్రెగడ చిఱునవ్వు నవ్వి, "ప్రభూ, చక్రవర్తి బేరమాడదగిన వర్తకుడు గాడు, ప్రసన్నుని జేసికొనదగిన దైవము. దైవమునకు నైవేద్యము పెట్టుదురు గాని దైవముతో దగవులాడరు" అనెను.

ఈ వాక్యమునకు సభ తలలూపెను. చక్రవర్తి వసంతోత్సవమున ధరించుటకు తగినట్టి మహోత్తరీయ మొకటి కానుకగా బంపవలెనని నిశ్చయమయ్యెను. పురోహితుడైన యజ్ఞేశ్వరసోమయాజి వైశాఖశుద్ధదశమినాడు ప్రయాణముహూర్తము బెట్టి, దేవతుల్యుల కర్పించునది యహతవస్త్రము గావలెననియు, అనగా మగ్గము దిగిన పిమ్మట నీరు తగులనిది గావలెననియు శాసించెను. ఒకమాఱు తడిపిన క్రొత్తబట్టయు నహతమే యని యా శాస్త్రమే చెప్పుచున్న సంగతియు, అది తెల్లబట్టనుగూర్చి చెప్పిన మాట యన్న సంగతియు నాయన యెఱుగడు. ఎఱుగనిదాని నడిగి తెలిసికొనుట యాయన యాచారము గాదు.

కొమ్మన స్తంభము విడిచి రెండడుగులు ముందునకు వచ్చెను.

"అయ్యా, నీళ్ళు పడని బట్ట మా తాతలనాటి నుంచీ గడప దాటలేదండి. కాగులోంచి తీసినాక ఏడు నీళ్ళు పడితేగాని పచ్చిచాయ వదలదు. అది వదలకుండా చెమట తగిలినా ఒళ్ళంతా రంగేనండి."

సోమయాజి కనుబొమలు ముడిచి, "కాగులోని నీటి సంగతి యగ్ని చూచుకొనును. నేను చెప్పునది చాకిరేవు నీరు. చక్రవర్తికి ఉతికిన గుడ్డ గట్టబెట్టుమందువా?" అనెను.

"ఉతికిన గుడ్డ కాదండి సోమయాజిగారూ. మా దాంట్లో ఉతికితేనే గుడ్డ."

సభలో నొకరిద్దఱు నవ్విరి. రాజు తానును నవ్వవచ్చునా యని ప్రధానివైపు చూచి, ప్రధాని నవ్వకుండుట గనిపెట్టి, గంభీరుడయ్యెను. ఇంతటితో విచారణ ముగిసెను.

కొమ్మన యింటికి బోయి యా యుత్తరీయమును తన చేతులతోనే సిద్ధపఱచెను. అదియే యాతని దోషము. కాగునుండి తీసిన బట్టను నదికి గొనిపోక నీడను ఆరవేసి, మసకను గప్పుటకై చిక్కని గంజి పట్టించి, శంఖముతో మెఱుగు దీర్చుచుండ నాతని భార్య పోలమ్మ గుమ్మమున గూర్చుండి చూచుచుండెను.

"సభలో అంత గట్టిగా చెప్పినోడివి, ఇంటికొచ్చి గంజి కాస్తన్నావే?"

"రాజుగారు చెయ్యమన్నారే."

"రాజుగారు అద్దేవాడా, ఉతికేవాడా?"

ఆతడు శంఖమును మఱింత యొత్తి రుద్దెను. గంజి క్రింద నా బట్ట పద్మరాగమువలె నిగనిగలాడెను. అట్లే జోడుగా సిద్ధపఱచిన రెండవ యుత్తరీయమును మాత్రము మడిచి తనయొద్ద నుంచుకొనెను.

రాయబారము సుముహూర్తమున బయలుదేఱి సుముహూర్తమున జేరెను. విపులాపురియందు వసంతోత్సవమున జరిగినది యనతికాలముననే రేవురేవునకు దెలిసిపోయెను. చక్రవర్తి యా యుత్తరీయమును ధరించి శ్వేతగజారూఢుడై యూరేగుచుండ పౌరకాంతలు సౌధాగ్రములనుండి సుగంధజలము జల్లిరి. మొదటి కలశమునకు గంజి కరగెను. రెండవదానికి రంగు కరగెను. మూడవ వీథి చేరులోపల సార్వభౌముని మెడయు నుదరమును వీపును పచ్చిమాంసపు వన్నె దాల్చినవి. గజము పార్శ్వములవెంట నెఱ్ఱని చాఱలు దిగినవి. శకునజ్ఞు డొకడు రక్తవర్షమని మూర్ఛిల్లెను. మిగిలినవారు నవ్వకుండుటకై నోట నుత్తరీయములు గ్రుక్కుకొనిరి. పదియవనాట నాజ్ఞ వెలువడెను. మొగలిరేవు వస్త్రము కృత్రిమరాగమగుటచేత సామ్రాజ్యమున నిషిద్ధము. వేరు మాత్రము యథాపూర్వము రావచ్చును.

పాకలలో నన్నూఱు మోపులును గదలక నిలిచెను.

కొమ్మన యెవ్వరి యనుజ్ఞయు నడుగక మడిచియుంచిన రెండవ యుత్తరీయమును, మూడు పెద్దకడవల సంగమజలమును నోడ కెక్కించి విపులాపురికి బోయెను. సుంకశాలయెదుట నెనిమిది దినములు కాచుకొనిన పిమ్మట నర్థపాలుని దర్శనమయ్యెను. ఆతడు మెలితీసిన మీసములుగల సన్నని మనుష్యుడు. ఎవ్వరితోడను గఠినముగా మాటలాడడు. అట్లు మాటలాడవలసిన యవసర మాతనికి గలుగలేదు. కొమ్మన యాతని ముందఱనే తొట్టిలో నుత్తరీయమును తడిపెను, బాదెను, పిండెను. మొదటి నీరు నెత్తురువలె దిగెను. నాలుగవది లేతగులాబివన్నె. ఏడవది తేటగా నిలిచెను. గంజిమెఱుగు పోయిన యా బట్ట లోపలినుండి వెలుగుచున్నట్లుండెను. కొమ్మన దానిని తెల్లని నూలుగుడ్డతో నొత్తి రుద్ది యా గుడ్డను సుంకాధ్యక్షుని బల్లపై బెట్టెను. దానిపై మచ్చ లేదు.

అర్థపాలు డా తెల్లగుడ్డవంక జూడనైన జూడలేదు.

"నీవు చూపినది సత్యము" అనెను. "మా చాకలి యుత్సవము మఱునాడే యింతకన్న జక్కగా చూపినాడు. చక్రవర్తి యిప్పుడును రాత్రివేళ నా యుత్తరీయమునే కప్పుకొనుచున్నాడు. కాని మీ రాజు మాకొక కారణము ననుగ్రహించినాడు. దానిని మేము కడిగి పోగొట్టుకొందుమా?"

కొమ్మన చేతులు తుడుచుకొనెను. నిజము తెలియకపోవుటచే గలిగిన యపకారమని యెంచి యాతడు నిజమును కడవలలో మోసికొని వచ్చెను. ఇచ్చట దానికి గొదువ లేదు. ఎవ్వరికిని దానితో బనియే లేదు.

అర్థపాలు డంతట మృదుస్వరమున నాతని తన బావమఱది శాలకు రమ్మనెను. జీతము మూడురెట్లు, వసతి, పండుగకు బట్టలు. కొమ్మన యా శాలలో నే నీటితో నద్దుదురని యడిగెను. సేవకు డొకడు నగరుబావి నీటిని చెంబుతో దెచ్చెను. కొమ్మన గ్రుక్కెడు పుచ్చుకొని పుక్కిలించి మ్రింగెను.

"మంచి నీళ్ళండి," అనెను. "తాగటానికి."

ఆతడు రిక్తహస్తములతో మరలి వచ్చునప్పటికి మొగలిరేవున బచ్చతోరణములు గట్టియుండెను. బాచనప్రెగడ యుత్తరమున సంధి కుదుర్చుకొని వచ్చియుండెను. ఏటేట నూఱు పడవల వేరు విపులాపురికి జేరవలెను. దానికి బదులుగా వీరగండరాయడు చక్రవర్తికి మిత్రుడని పిలువబడవచ్చును. మఱియు నొక తెల్లగొడుగు. రాజు తన బిరుదావళికి నా మిత్రశబ్దమును జేర్పించి మూడుదినములు బ్రాహ్మణసంతర్పణము చేయించెను. సంతర్పణమున దక్షిణతోపాటు బట్టలు పంచిరి. పాకలలో బూజుపట్టుచున్న మోపులకు గలిగిన వినియోగ మదియొక్కటే.

ఆ యేటినుండి యద్దకపువారు గునపములు పట్టిరి. మొదటి యేట మూడేండ్ల వేరు త్రవ్విరి. రెండవ యేట రెండేండ్లది త్రవ్విరి. లేతవేరు రంగు నీయదనియు, విత్తనమునకైన గొన్ని తిన్నెలు విడువవలెననియు కొమ్మన ప్రధానికి మొఱపెట్టుకొనెను. సామ్రాజ్యపు పడవ యొకరికొఱకు నిలువదని ప్రధాని సెలవిచ్చెను. మూడవ యేట వెండ్రుకవంటి వేళ్ళు గూడ నూడదీసిరి. తీరమంతయు క్షౌరము చేయించుకొన్నట్లయ్యెను.

అక్కడ నగరుబావి నీట నా వేరంతయు నిటికపొడి చాయనే యిచ్చెను. కొన్నాళ్ళు విపులాపురి కవులు కపిలవర్ణమే రాజోచితమని వర్ణించిరి. పిదప నర్థపాలుని బావమఱది విసిగి కాగులను నీలికి మార్చెను. చక్రవర్తి నీలము గట్టెను. నీలమునకును శాస్త్రాధారములు దొరకెను. వేరును గొనుట మానిరి. మొగలిరేవుపై వారికి గోపము రాలేదు, నిషేధపత్రమైన బంపలేదు. ఆ రేవొకటి యున్నదని మఱచిపోయిరి. ఘనులు చిన్నవారికి జేయు శిక్షలలో నిది కడపటిది. దీనికి మనవి చేసికొనుట కధికారి యుండడు.

నాలుగవ యేటి జ్యేష్ఠమున సంధిదినమునకు సామ్రాజ్యనౌక వచ్చునని వీరగండరాయడు రేవున బందిరి వేయించి, తెల్లగొడుగు క్రింద సపరివారుడై కూర్చుండెను. సోమయాజి ముహూర్తము బెట్టెను. అది దాటెను. మఱియొకటి బెట్టెను. అదియు దాటెను. మూడుదినము లట్లు గడచినవి. నాలుగవనాటి ప్రాతఃకాలమున నా రేవు దక్షిణపుగొనను కొమ్మనయు బోలమ్మయు మఱి యిరువది కుటుంబములవారును రాగికాగులను పెద్దపడవ కెక్కించుకొనుచుండిరి. గుట్టుచప్పుడు లేని పనియైనను రాగి మ్రోగక మానదు. బాచనప్రెగడ యా ధ్వని విని తానే నడచి వచ్చెను.

"కొమ్మనా, చక్రవర్తి నౌక వచ్చు వేళ నెచ్చటికి బయనము? తీరమున జనము పలుచనగా నున్నచో మనకు గౌరవమా?"

కొమ్మన కాగునకు ద్రాడు బిగించుచు దలయెత్తలేదు.

"దక్షిణాన ఇంకో రెండు మొగలున్నాయంటండి, ఏరు సముద్రంలో కలిసేవి. నీళ్ళు రుచి చూసుకుంటా పోతాం. వేరు విత్తనం ఓ దోసెడు దాచింది మా ఆడది, మీ మనుషులకి కనపడకుండా."

"అది రాజద్రోహము."

పోలమ్మ పడవలోనుండి, "అవునండి," అనెను. "నన్నూరు మోపులు కుళ్ళబెట్టినోళ్ళకేమో గొడుగిచ్చారు. దోసెడు దాచినందుకు నాకేమిస్తారో ఆ పడవొచ్చాక కనుక్కోండి."

ప్రధాని భటులను బిలువ నెంచి వెనుకకు జూచెను. భటులందఱును పందిరియొద్ద వింజామరలు పట్టుకొని యుండిరి.

పడవ కదలెను. గాలి యనుకూలముగా నుండెను. తెరచాప విచ్చికొని బాలాతపమున మెఱయుచు సముద్రముమీద బయటపడగా, దృష్టిమాంద్యముగల రాజు దానిని జూచి సింహాసనమునుండి లేచి నిలిచెను. లేచి నిలిచిన రాజును జూచి వాద్యగాండ్రు స్వాగతమంగళ మారంభించిరి. పురస్త్రీలు పూలు జల్లిరి. సోమయాజి ముహూర్తము ఫలించెనని యుత్తరీయము సవరించుకొనెను. ఆ తెరచాప యంతకంతకు జిన్నదగుచుండెను, వాద్యములు మాత్రము మ్రోగుచునే యుండెను. అది వచ్చుచున్నది గాదు, పోవుచున్నదని రాజుతో జెప్పవలసియుండెను. అట్టి మాట చెప్పు నలవాటు గల యొక్కడును నా పడవలోనే యుండెను.