అమ్మమ్మ పేరున పళ్ళెం

మా అమ్మ పోయిన రోజున ఇలింకా మధ్యాహ్నం ఏమీ తినలేదు. ఇంట్లో ఎవరూ తినలేదు కనుక అది ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. అమ్మకు స్నానం చేయించి, నల్ల గౌను తొడిగి, చేతుల మధ్య కొవ్వొత్తి ఉంచుతున్నప్పుడు కూడా నా ఆలోచన ఒక కోడిగుడ్డు చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఇలింకా నా కూతురు. పదహారేళ్ళది. రెండేళ్ళుగా తిండికి భయపడుతోంది. ఆకలి లేక కాదు, భయం వల్ల తినదని పట్నంలో డాక్టరమ్మ చెప్పింది. నేను పెడితే తినదు. లారీ నడిపే వాళ్ళ నాన్న ఇంటికి వచ్చిన రోజుల్లో ఎంత బతిమాలినా తినదు. బడి నుంచి వచ్చాక అమ్మమ్మ వంటగదిలో కూర్చుని మాత్రం ఒక ఉడికిన గుడ్డు, కాస్త మొక్కజొన్న సంకటి తినేది. టీచర్ని కనుక ఆ వేళకు నేనింకా బడిలోనే ఉంటాను. వంటగదిలో అమ్మ ఏం చేసేదో, ఎలా తినిపించేదో అడగలేదు. అడిగితే చెడిపోతుందేమోనని.

ఆరు వారాల తర్వాత అమ్మకు పెద్ద పూజ చేయించి భోజనాలు పెట్టాలి. మా జియు నది ఒడ్డు ఊళ్ళలో పోయినవాళ్ళ పేరున కొత్త పళ్ళెంలో భోజనం ఇస్తారు. పుచ్చుకున్నవాళ్ళు తిన్న ప్రతి ముద్దా పైనున్న ఆ పోయినవాళ్ళకు చేరుతుంది. ఇస్తుంటే కాదనకూడదు. అమ్మ పళ్ళెం ఎవరికివ్వాలన్న మాట వచ్చినప్పుడు పక్కింటి వెటూరియా పిన్ని గోడ మీదుగానే తేల్చేసింది.

"ఇంకెవరికిస్తావే? పిల్లకే ఇవ్వు. నీ మాట కాదంటుంది, నా మాట కాదంటుంది. మీ అమ్మ సవేతా ఆకలిని కాదంటుందా?"

"అది జబ్బు పిన్నీ. మొక్కులతో పోయేది కాదు."

"మొక్కు అన్నానా? సంకటి అన్నాను. నీ పాఠాలు బడిలో చెప్పుకో ఒటీలియా. సవేతాతో నలభై ఏళ్ళు పోట్లాడినదాన్ని, నాకు చెప్పకు."

నాకు ఆ నమ్మకం పెద్దగా లేదు. ఇలింకాకు ఉంటే బాగుండునని అనుకున్నాను.

ఆ రోజు ద్రాక్షపందిరి కింద బల్లలు వేశాం. చక్కెర, అక్రోటు కలిపిన గోధుమలు, క్యాబేజీ ఆకుల్లో చుట్టి ఉడికించిన మాంసం, సంకటి, గుడ్డు, పక్కన రొట్టెలో గుచ్చి వెలిగించిన కొవ్వొత్తి. పళ్ళేన్ని బల్ల మీదుగా అందించి, "మీ అమ్మమ్మ పేరున" అన్నాను. ఇలింకా లేచి రెండు చేతులతో అందుకుంది.

"దేవుడు ఆమెను క్షమించుగాక" అని కూర్చుంది. నాలుగు గోధుమ గింజలు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. వెటూరియా పిన్ని మోచేత్తో నన్ను పొడిచింది. నేను తల వంచుకుని నా పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను.

తలెత్తేసరికి ఇలింకా పళ్ళెంతో వాకిలి దాకా వెళ్ళింది. మంట ఆరిపోకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకుంది. బయట నిస్తోర్ తాత మేకలు తోలుకుపోతున్నాడు.

"అమ్మమ్మ పేరున, తాతా."

ఆయన టోపీ తీసి, పళ్ళెం అందుకుని, గేటు పక్కన బెంచీ మీద కూర్చుని అంతా తిన్నాడు. మేకలు మా కంచె చిగుళ్ళు తిన్నాయి. బల్ల దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"బంగారు తల్లి. నోటి దగ్గరది తీసి పెట్టింది" అన్నారు.

మర్నాటి నుంచి నేను పెట్టిన ప్రతి పళ్ళెమూ కొవ్వొత్తితో గోడ దాటింది. భోజనంతోపాటు పళ్ళెం కూడా ఇచ్చెయ్యాలి. అలమరలో పళ్ళేలు తగ్గిపోతున్నాయి.

వెటూరియా పిన్ని దగ్గరికి వెళ్ళాను.

"తీసుకోకు పిన్నీ."

"ఎలా తీసుకోను? కొవ్వొత్తి వెలిగించి ఇస్తోంది. ఇవాళ నేను కాదంటే రేపు నా వాళ్ళకు అక్కడెవరు పెడతారు?"

"పిల్ల కరిగిపోతోంది."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? నిన్న ఆ గుడ్డు గొంతు దిగలేదు. అయినా మింగాను, సవేతా కోసమని." మళ్ళీ తనే, "పిల్లకే ఇమ్మన్నది నేనే కదే" అంది.

మర్నాడు ఆమె తలుపు గడియ పెట్టుకుంది. ఇలింకా ఆ పక్కింటికి వెళ్ళింది.

ఫాదర్‌తో చెప్పాను. ఆయన ఇలింకాను కూర్చోబెట్టుకుని, శరీరం కూడా దేవుడిచ్చిందే తల్లీ, దానికీ పెట్టాలి అని నెమ్మదిగా చెప్పారు. తల ఊపింది. వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక ఆపిల్ పెట్టి, అమ్మమ్మ పేరున అంది. ఆయన తీసుకున్నారు.

ఈ రోజు ఆదివారం. చిక్కుడుకాయల బుట్ట తెచ్చుకుని వంటగదిలో అమ్మ కుర్చీలో కూర్చున్నాను. ఇలింకా ముందు ఉడికిన గుడ్డు పెట్టి గింజలు ఒలవడం మొదలుపెట్టాను.

"అమ్మమ్మ ఇలాగే కూర్చునేదా?"

"ఊఁ."

"ఏం మాట్లాడేది?"

"ఏముంది, వెటూరియా అమ్మమ్మ కోళ్ళని తిట్టేది. తర్వాత వెటూరియా అమ్మమ్మని. ఆ తర్వాత, సగం గుడ్డు ఇటివ్వు, నాకు డాక్టరు వద్దన్నాడు, మీ అమ్మకు చెప్పావో చంపుతాను అనేది."

నాకు నవ్వొచ్చింది. ఇలింకా కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా కాలమైంది.

"అయితే నాకూ సగం ఇవ్వు" అన్నాను.

గుడ్డును చాకుతో జాగ్రత్తగా కోసి ఒక సగం నా వైపు జరిపింది. తిన్నాను. రెండో సగం బల్ల మీద అలాగే ఉంది.

"అమ్మా, నువ్వు కాయలకేసి చూడట్లేదు. నాకేసి చూస్తున్నావు."

కాయలకేసి చూశాను. ఒలిచాను. గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు విన్నాను. ఎంతసేపైనా తల ఎత్తకూడదనుకున్నాను. రొట్టె కోసిన చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా వినిపించాయి.

తలెత్తితే ఇలింకా నా ఎదురుగా నిలబడి ఉంది. రెండు చేతుల్లో పళ్ళెం, అందులో రొట్టె ముక్క, కొవ్వొత్తి, సగం గుడ్డు. ఆ పళ్ళెం బరువుకే చేతులు కిందికి వాలుతున్నాయి.

"అమ్మమ్మ పేరున" అంది.

"ఇలింకా, వద్దమ్మా."

"అమ్మమ్మకి ఆకలేస్తుంది."

ఆమె కళ్ళలో మోసం లేదు. ఉంటే ఏదో ఒకటి అనగలిగేదాన్ని. నేను రెండు చేతులూ చాచి పళ్ళెం అందుకున్నాను. దేవుడు మా అమ్మను క్షమించుగాక అన్నాను. ఆ సగం కూడా తిన్నాను.

ఇలింకాను చేర్చుకోవడానికి పట్నం ఆసుపత్రిలో మంచం ఖాళీ అయితే కబురు చేస్తామన్నారు. ఇంకా చేయలేదు. బుట్టలో సగం కాయలు ఒలవాల్సి ఉంది. ఇలింకా ఈ రోజు ఇంకా ఏమీ తినలేదు.