మూల దగ్గరి మూలం

నేను మంచిదాన్నే. కాకపోతే అనుమానం నాకు ఆవులింతలాంటిది, వచ్చిందంటే ఆపుకోలేను. ఆ రోజు నేనూ, మా అబ్బాయి దీక్షిత్తూ విజయనగరం నుంచి శ్రీముఖలింగం వెళ్లి, కాబోయే కోడలు చరిత ఇంట్లో లగ్నపత్రిక రాయించుకోవడానికి కూర్చున్నాం. ఇంతలో ఫోను మోగితే ఆ పిల్ల పక్కగదిలోకి వెళ్లింది. చేతులు కడుక్కుంటానని నేనూ లేచాను. గుమ్మం దాకా వెళ్లేసరికి ఫోన్లో ఆ పిల్ల మాటలు వినిపించాయి.

"మూలే సార్! ఇంక డౌటు లేదు. ఇన్నాళ్లూ అందరం పక్కదాన్ని అనుమానించాం. ఇప్పుడే ఎవులికీ సెప్పకండి."

మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల కోడలిగా వస్తే మామగారికి గండమంటారు. మా ఆయనకి మొన్ననే గుండెలో స్టెంటు వేశారు. నా చేతికొచ్చిన జాతకంలో చూస్తే పూర్వాషాఢ అని ఉంది. ఎంత మోసం! గుమ్మంలోనే నిలదీశాను.

"ఏటే పిల్లా, నీది మూలా నక్షత్రవా? మా ముసిలాయన్ని సంపీడానికొస్తన్నావేటి?"

చరిత ఫోను పెట్టేసి పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అయ్యో, అది నా పరిశోధన గురించి అత్తా! ఆకాశంలో మూలా నక్షత్రం పక్క నుంచి గామా కిరణాలొస్తన్నాయి. ఆస్పత్రిలో ఎక్స్‌రే కన్నా కోట్ల రెట్లు బలం. ఎక్కడ పుడతన్నాయో ఎవులికీ తెలీదు. పేలిపోయిన నక్షత్రం మిగిల్సిన మబ్బు మీద అందరికీ అనుమానం. అది కాదు, దాని పక్కన గిర్రున తిరుగుతున్న, మేం మూల అని పిలుసుకునే సిన్న సచ్చిన నక్షత్రం పనని మూడేళ్లు సూసి పట్టుకున్నాను."

సిగ్గుతో నాలుక కరుచుకున్నాను. "బతికించావు తల్లీ! అయితే నీది పూర్వాషాఢే."

"కాదత్తా. నాదీ మూలే. మీకు పంపిన జాతకంలో ఉంది గదా?"

సంచిలోంచి తీసి చూపించాను. పుట్టిన వేళ దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. ఉదయం అని ఉండాల్సిన చోట సాయంత్రం అని ఉంది. "ఇది మా నాన్న పంపింది కాదు," అంటూ, మా మాటలు విని వచ్చిన దీక్షిత్ వైపు చూసింది. జాతకం వాడి ఫోనుకే వచ్చింది. ప్రింటు తీయించి నాకిచ్చిందీ వాడే.

"మూలంటే నువ్వొప్పుకోవని, పుట్టిన వేళ ఒక్కటే మార్సి జాతకం మళ్లీ ఏయించినానమ్మా," అని గొణిగాడు వెధవ.

చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. చరిత అడ్డం వచ్చింది.

"బావా, నా లెక్కల్లో ఒక్క అంకె దిద్దీసుంటే నా పరిశోధన పేపరు రెండేళ్ల కిందటే అచ్చయిపోయేది. నేను దిద్దలేదు. నేను పుట్టిన గంట అడ్డమొస్తే నువ్వు దిద్దీసినావు. రేపు నేనే అడ్డమొస్తే? నాకీ పెళ్లొద్దు."

నాకు ఏడుపొచ్చేసింది. క్షణం కిందట సంబంధం తెంపేద్దామని లేచినదాన్ని, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని బతిమాలాను. "నీది మూలైనా నాకు సమ్మతమే తల్లీ!"

చరిత కోప్పడలేదు. మెల్లగా చేతులు విడిపించుకుంది.

"ఆ మాట మీ ఇంట్లో ముందే అనుంటే, బావ దిద్దేవోడు కాదు గదత్తా," అంది.