తగ్గించిన ధర

బేరమాడటం తప్పని ఎవరూ అనరు. నలుగురూ మెచ్చుకునే పనే అది. మన బేరాల బాబాయికి అది వెన్నతో పెట్టిన విద్య. ఆ వాడలో ఎవరు బిందె కొన్నా, మంచం కొన్నా ఆయన పక్కన ఉండాల్సిందే. కొట్టువాడు ధర చెప్పగానే ఆయన ఒక నవ్వు నవ్వేవాడు. సగం మంది ఆ నవ్వుకే దిగివచ్చేవారు.

తన అన్న కూతురికి సోలార్ కిట్టు కావాల్సి వచ్చినప్పుడూ ఆయనే ముందు నడిచాడు. ఆ పిల్ల దూది మిల్లులో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. మళ్ళీ ఆ దుమ్ములో అడుగుపెట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే గుడ్లు పొదిగే పెట్టె ఒకటి తెచ్చుకుంది. ఇరుగుపొరుగు తమ కోళ్ళ గుడ్లు తెచ్చిస్తే పొదిగించి పిల్లల్ని ఇచ్చి కూలి తీసుకోవాలని ఆమె ఆశ. కానీ ఆ వాడకు ఇంకా కరెంటు తీగ రాలేదు. పెట్టె చూస్తే పగలూ రాత్రీ ఒకే వేడిలో ఉండాలి.

కొట్టువాడు ఒక కిట్టు చూపించాడు. “మీ పెట్టెకు ఇది సరిపోతుందమ్మా. రోజూ రాత్రంతా వాడినా ఈ బ్యాటరీ ఏడెనిమిదేళ్ళు వస్తుంది. మధ్యలో చెడితే నేనే మారుస్తా.”

ధర విని బాబాయి నవ్వాడు. కొట్టువాడు దిగలేదు. బాబాయి లేచి గుమ్మం దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి కొట్టువాడికే విసుగొచ్చింది.

“సరే పెద్దాయనా, సగానికే ఇస్తా. కాకపోతే ఈ బ్యాటరీ పెట్టలేను. బండ్లకు వేసే రకం పెడతా. రోజూ అడుగంటేదాకా వాడితే అది నిలవదు. ముందే చెబుతున్నా.”

“ఏ బ్యాటరీ అయితే ఏంటయ్యా? పెట్టె వేడెక్కుతుందా, లేదా?”

“వేడెక్కుతుంది.”

“ఇంకేం! కట్టెయ్.”

పిల్ల ఆయన చొక్కా అంచు పట్టుకుని మెల్లిగా లాగింది. “బాబాయ్, మొదటిదే తీసుకుందాం. నెలనెలా కట్టుకుంటాను.”

“నీకు తెలీదు తల్లీ, నువ్వూరుకో” అని ఆయన మీసం మెలేశాడు. పాపం, కొట్టువాడు అబద్ధమేమీ చెప్పలేదు. సగం ధర అన్న మాట తర్వాత బాబాయి చెవికి ఇంకేమీ ఎక్కలేదు, అంతే.

ఏడాది తిరక్కుండానే ఆ బ్యాటరీ చచ్చింది. అదే రకం ఇంకోటి కొన్నారు. అదీ పోయింది, మరొకటి కొన్నారు. ప్రతిసారీ బాబాయి వెంట వెళ్ళి బేరమాడి తగ్గించాడు. అన్నీ కలిపితే మొదట వద్దన్న కిట్టు ధర ఎప్పుడో దాటిపోయింది. ఆ లెక్క వేయాలని ఆయనకు తోచలేదు. తాను తగ్గించింది మాత్రం ప్రతి పైసా గుర్తుంది.

ఇంతలో ముసురు పట్టింది. ఎండ మొహం చూసి రోజులయింది. పెట్టె నిండా గుడ్లు. ఏవి ఎవరివో తెలియడానికి వాటి మీద బొగ్గుతో ఒక ఇంటికి గీత, ఒక ఇంటికి చుక్క, ఒక ఇంటికి సున్నా. ఇంకో రోజు గడిస్తే కోడిపిల్లలు పెంకు పగలగొట్టుకుని వస్తాయి. పెట్టె మీద చెవి పెడితే లోపల కిచకిచలు వినిపిస్తున్నాయని పిల్ల మురిసిపోతూ బాబాయికి చెప్పింది.

తెల్లవారి బాబాయి వచ్చేసరికి ఇంట్లో దుప్పట్లన్నీ పెట్టె మీదే ఉన్నాయి. పిల్ల వేడినీళ్ళు సీసాల్లో పోసి, గుడ్డలు చుట్టి గుడ్ల పక్కన సర్దుతోంది. జుట్టు రేగిపోయి ఉంది, దగ్గు ఆగడం లేదు. బ్యాటరీ ఎప్పుడో ఆగిపోయింది.

“ఒక్కటే ఇంకా చప్పుడు చేస్తోంది బాబాయ్. చూడు” అని చుక్క పెట్టిన గుడ్డు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపలినుంచి ముక్కుతో పొడుస్తున్న చప్పుడు సన్నగా వినిపించింది. రెండు చేతుల మధ్య పొదువుకుని ఊదాడు, గుండెకు హత్తుకున్నాడు. చప్పుడు తగ్గింది. ఇంకాస్త తగ్గింది. తర్వాత లేదు. బాబాయి గుడ్డు దించలేదు. పిల్ల వచ్చి మెల్లిగా ఆయన చేతుల్లోంచి తీసుకుంది. ఆమె తనను ఒక్క మాట అన్నా బాగుండునని ఆయన ప్రాణం విలవిల్లాడింది.

వాడంతా ముఖం చాటేసింది. కోపంతో కాదు, అంత నష్టం మళ్ళీ భరించే స్తోమత ఏ ఇంటికీ లేదు. పొయ్యి వెలగాలి కదా! ఆ వారమే పిల్ల ముక్కుకు గుడ్డ కట్టుకుని మిల్లుకు వెళ్ళిపోయింది.

బాబాయి తన సైకిలు అమ్మాడు, దాచుకున్నది కలిపాడు. కొట్టువాడు చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చి మొదటి రోజు చూసిన ఆ కిట్టే తెచ్చి బిగించాడు. ఎండ వచ్చినా రాకపోయినా పెట్టె వెచ్చగానే ఉంటోంది. అందులో పెట్టడానికే గుడ్లు లేవు.

బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరూ ఇవ్వలేదు. చివరికి వరసకు వదిన అయ్యే ముసలామె గుమ్మంలో నిలబడ్డాడు.

“కొత్త కిట్టు తెచ్చావటగా మరిదీ! ఎంతకు బేరం కుదిర్చావేంటి?” అంది ఆమె. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి ఇటు తిరిగారు.

అప్పుడే సాయంత్రం మిల్లు వదిలారు. వీధి చివరినుంచి దగ్గు వినిపించింది. బాబాయి అటు చూశాడు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఎంతకు కొన్నావని అడక్కు వదినా. ఎన్నాళ్ళు నిలుస్తుంది, చెడితే ఎవరు బాగుచేస్తారు, అది ఆగిపోతే మన ఇంట్లో ఏం ఆగిపోతుంది అని అడుగు. కొనేముందు మీరంతా అదే అడగండి. నేను అడగలేదు. ఆ రోజు కొట్టులో నేను తగ్గించిన డబ్బంతా ఇప్పుడు ఆ పిల్ల తన ఊపిరితో కడుతోంది.”