బటన్ బయటివైపు

జూన్ నెలలో ఉత్తరాది సస్కాచెవాన్ సూర్యుడికి ఇల్లూ వాకిలీ ఉండవు. పిల్లలు పడుకునే వేళ దాటినా నడినెత్తిన ఉన్నట్టే వెలుగుతుంటాడు. అందుకే కూతురు మేబెల్ కొత్త గది కిటికీకి వెలుగు రాకుండా కార్లీ పొద్దున్నే వంటింట్లోని అల్యూమినియం రేకంతా తెచ్చి అంటించేసింది. రోడ్డు మీద నుంచి చూస్తే ఆ కిటికీ అచ్చం రేకు చుట్టుకుని పొయ్యిలోకి వెళ్ళబోయే టర్కీ కోడిలా ఉంది.

"ఉప్పూ మిరియాలూ చల్లడం మర్చిపోయావే" అని ఎదురింటి నుంచి కేకేసింది అత్తగారు లొరేన్.

కార్లీకి నవ్వు రాలేదు. 

రెండున్నరేళ్ళుగా మేబెల్ అమ్మానాన్నల మంచం పక్కనే, చువ్వల తొట్టిలో పడుకుంది. కార్లీ చెయ్యి ఆ చువ్వల సందులోంచి వెళ్ళి పిల్ల పొట్ట మీద ఆనితేగానీ ఇద్దరిలో ఎవరికీ నిద్ర పట్టదు. ఆగస్టులో రెండో బిడ్డ వస్తోంది. తొట్టి కావాలి. మేబెల్ తన గదిలోకి, తన మంచం మీదికి వెళ్ళక తప్పదు. కానీ తలుపు మూసుకున్న క్షణాన ఆ చిన్న బుర్రలో, 'ఇంకెవరో వస్తున్నారని నన్ను గెంటేశారు' అన్న మాట పడితే? పడితే మళ్ళీ ఎలా తీస్తారు? కార్లీ బాధంతా అదే.

ఇక ఆమె జాగ్రత్తలు అడక్కండి. పిల్ల దూకేస్తుందేమోనని కిటికీ జానెడు మించి పైకి లేవకుండా అడ్డం కొట్టించింది. గుచ్చుకునేది, గీసుకునేది, మింగేది ఏదీ లేకుండా గదంతా ఏరి పారేసింది. చివరికి అందులో మిగిలినవన్నీ గుండ్రటివి, మెత్తటివి.

మొగుడు డస్టిన్ కూడా తన వంతు చేశాడు. కిందటి నెల మేబెల్ బాత్రూములోకి దూరి, తలుపు పిడి మధ్యలో ఉన్న బటన్ నొక్కేసి, తాళం పడిందని ఊరు ఊరంతా వినేలా అరిచింది. అందుకని కొత్త గది తలుపు పిడి విప్పి వెనక్కి తిప్పి బిగించాడు. ఇప్పుడు తాళం బటన్ బయట, నడవా వైపు; అటునుంచి పిడి తిప్పితే చాలు, తాళం ఊడుతుంది. లోపల మిగిలింది సన్నటి కన్నం. తాళం పడితే ఇటునుంచి పిన్నో మేకో గుచ్చితే తప్ప తెరుచుకోదు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చేసే పనే.

"ఇంక అది లోపలుండి తాళం వేసుకోవడం కుదరదు" అన్నాడు గర్వంగా. తర్వాత బ్యాటు భుజాన వేసుకున్నాడు. "నేను ఆటకి పోతున్నా. ఇక్కడుంటే అది ఏడుస్తుంది, దాన్ని చూసి నువ్వు, నిన్ను చూసి నేను. లాభం లేదు."

స్నానం, కథ, ముద్దు అయ్యాయి. మేబెల్ కొత్త మంచం మీద బుద్ధిగా పడుకుంది. కార్లీ తలుపు ఓరగా వేసి నడవాలో చతికిలబడింది. గది గోడకి కెమెరా, నడవాలో చేతిలో పట్టుకునే బుల్లి తెర. అందులోంచి పిల్ల కనిపిస్తుంది, వినిపిస్తుంది, ఇందులో మాట్లాడితే అక్కడ కెమెరాలోంచి పలుకుతుంది.

తెరలో మేబెల్ కాసేపు కప్పు చూసింది. లేచింది. తలుపు దగ్గర ప్రత్యక్షమైంది.

"నీళ్ళు."

నీళ్ళయ్యాయి. తర్వాత సాక్సు ఊడింది. తర్వాత ముద్దు సరిగ్గా అంటలేదట, ఇంకోటి కావాలట. ప్రతిసారీ కార్లీ అదే పాట: "అమ్మ ఇక్కడే ఉంది బంగారం. గోడకి ఇటుపక్కే. బజ్జో, ఏడవకు."

"నేను ఏడవట్లేదు" అంది మేబెల్, ఎవరు ఏడుస్తున్నారా అన్నట్టు చుట్టూ చూసి.

మళ్ళీ వచ్చింది. ఈసారి కళ్ళు పెద్దవి చేసింది. "మంచం కింద ఎలుగుబంటి."

మొన్ననే చెత్తడబ్బాల దగ్గరికి నిజం ఎలుగుబంటి వచ్చిపోయిన ఊరది. లేదని ఊరికే కొట్టిపారెయ్యడానికి లేదు. కార్లీ తెర నడవాలోనే పెట్టి లోపలికి వెళ్ళి, ఏడో నెల పొట్టతో ఆపసోపాలు పడి, మోకాళ్ళ మీద మంచం కిందికి తల పెట్టింది.

"లేదు తల్లీ, చూడు, ఒక్క సాక్సు తప్ప..."

వెనక తలుపు మూసుకుంది. టిక్కుమంది.

మేబెల్‌కి పిడి తిప్పడం ఇంకా రాదు. నొక్కడం మాత్రం అద్భుతంగా వచ్చు.

"మేబెల్! తలుపు తియ్యి నాన్నా!"

జవాబు గోడ మీది కెమెరాలోంచి వచ్చింది. "అమ్మా, బజ్జో."

 ఫోను వంటింట్లో ఉంది. పొయ్యి పక్కన కుర్చీ ఉంది, దాని మీదికి ఎక్కడం పిల్లకి వచ్చు. పిన్ను కోసం గదంతా తడిమింది. పత్తి కుందేలు, రబ్బరు బంతి, అట్టల పుస్తకం. దేనితోనూ ఆ కన్నంలో పొడవడానికి లేదు. తను చేసుకున్నదే ఇదంతా.

పిల్లని తలుపు దగ్గరే ఆపాలి. "మేబెల్, అమ్మకి భయమేస్తోందే. ఎక్కడికీ పోకు, ఏం?"

తలుపు అవతల చిన్న అడుగులు ఆగాయి. తర్వాత కెమెరా పెద్దరికంగా పలికింది: "నేను ఇక్కడే ఉన్నా బంగారం. గోడకి ఇటుపక్కే."

తలుపు కింది సందులోంచి ఏదో లోపలికి పాకుతూ వచ్చింది. మేబెల్ దుప్పటి! ఉతకడానికి కూడా ఇవ్వని ముక్కు తుడుచుకునే పసుప్పచ్చ దుప్పటి! పుట్టి బుద్ధెరిగాక అది ఎవరికీ ఇచ్చింది లేదు.

"ఏడవకు" అంది కెమెరా.

కార్లీకి అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది, దాని వెంటే నవ్వూ వచ్చింది. గెంటేశారనుకోవడమా! ఈ మహాతల్లి అమ్మని లోపల పెట్టి నిద్రపుచ్చుతోంది.

కిటికీ రేకు ఒక్క లాగు లాగింది. ఎండ భళ్ళున గదిలో పడింది. జానెడు సందులోంచి పిల్ల పైజమా బయటికి పెట్టి ఊపుతూ అరిచింది: "లొరేన్! నన్ను లోపల పెట్టి తాళం వేసింది!"

పూలమొక్కలకి నీళ్ళు పెడుతున్న లొరేన్ గొట్టం అక్కడే పారేసి వచ్చింది. విషయం వింది. "పడుకోబెట్టడానికి వెళ్ళి పడుకున్నావన్నమాట! పాలు తాగావా? పళ్ళు తోముకున్నావా?"

"తల్లీ మీకో దణ్ణం, నవ్వించకండి, పొట్ట పట్టేస్తోంది! వీధి తలుపుకి లోపల గడియుంది, అల్లిక సూది తెచ్చి ఈ సందులోంచి ఇవ్వండి!"

లొరేన్ కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పరిగెత్తింది. కార్లీ నవ్వి నవ్వి చిన్న మంచం మీద కూలబడింది, అలాగే పక్కకి ఒరిగింది. తల దిండుకి తగిలింది.

"ఏయ్!" అంది కెమెరా.

కార్లీ దిండు మీంచి తల ఎత్తింది.

"అది నా మంచం!"

తలుపు మీద దబదబా బాదుడు. పిడి గిలగిల్లాడింది. మూలుగు, ముక్కుడు, మళ్ళీ గిలగిల. మేబెల్ రెండు చేతులతో పిడిని కావలించుకుని, జన్మలో మొదటిసారి, గుండ్రంగా తిప్పేసింది. టిక్కుమంది. తలుపు తెరుచుకుంది. మొహం కందగడ్డలా, చేతిలో బుల్లి తెరతో నిలబడింది.

"దిగు. నీ మంచం అక్కడ."

"మరి అమ్మకి భయం కదే?"

మేబెల్ ఆలోచించింది. దుప్పటి తీసుకుంది. తెర అమ్మ చేతికిచ్చింది. "ఇందులో చూసుకో." మంచమెక్కి, మొహం మీద ఎండ పడుతున్నా గోడవైపు తిరిగి, కాసేపటికే నిద్రపోయింది.

సూది పట్టుకుని రొప్పుతూ వచ్చిన లొరేన్‌కి కార్లీయే వీధి తలుపు తీసి, మళ్ళీ నడవాలోకి వచ్చింది. ఒక చేతిలో తెర, ఇంకో చేతిలో ఏమీ లేదు. ఆ ఖాళీ చేతికి ఏం చెప్పాలో తెలియనట్టు కార్లీ దాన్ని పొట్ట మీద పెట్టుకుంది. లోపలి నుంచి ఎవరో తన్నారు.

ఆట ముగించుకుని డస్టిన్ మోకాళ్ళ నిండా దుమ్ముతో, మునివేళ్ళ మీద వచ్చాడు. "పడుకుందా?" అని గుసగుసగా అడిగాడు.

"ఎవర్రా, నీ పెళ్ళామా, నీ కూతురా?" అంది లొరేన్, రూబార్బ్ అనే పుల్లటి కాడల పచ్చడి రాసిన రొట్టె నములుతూ.

కథ విని వాడు బిక్కమొహం వేశాడు. "ఆ పిడి ఇప్పుడే సరిచేస్తా" అని స్క్రూడ్రైవర్ తీశాడు.

"దాని తలుపు జోలికి పోకు, లేస్తుంది. పొద్దున చూద్దాం" అంది కార్లీ, తెర మీంచి కళ్ళు తియ్యకుండానే. "ఈలోగా మన గదికి బటన్ ఎటువైపుందో చూసి రా. అది మళ్ళీ నన్ను పడుకోబెట్టడానికి వస్తుందేమోనని నా భయం."