పరిగ మీద రెండు వాక్యాలు

తొమ్మిదో తరగతి పిల్లలచేత బ్లాగు రాయించడమంటే అరుణజ్యోతి టీచరుకు మహా ఇష్టం. రోజూ అనంతపురంలో బస్సెక్కి ముదిగుబ్బ దగ్గరి ఆ పల్లెబడికి వస్తుంది. "మీ ఇంట్లో జరిగేది ఉన్నదున్నట్టు రాయండి" అని పిల్లలకు నూరిపోసింది. అంత చెప్పిన మనిషి తాను ఊరుకుందా? చేతి దురద!

నాజ్‌నీన్ పరిగ గురించి రాసింది. చెనక్కాయ చెట్లు పీకేశాక మట్టిలో మిగిలిన కాయలు ఏరుకోవడమే పరిగ. వాళ్లమ్మ ఖాతూన్‌బీ ఊరి రైతు గోవిందప్ప చేలో ఎలా కూర్చుంటుందో, కాయ ఉన్నచోటు వేళ్లతో ఎలా కనిపెడుతుందో, ముచ్చటగా రాసింది. టీచరుకది చప్పగా తోచింది. బ్లాగులో పెట్టేముందు చివర రెండు వాక్యాలు తగిలించింది: "కాయలు దొరకని రోజు మా ఇంట్లో పస్తే. ఎవరైనా దయతలిస్తే బాగుండు."

దయతలిచారు. అది చదివిన పెద్దమనిషి ఒకాయన కారులో బియ్యం మూట తెచ్చి, మీ పస్తుల సంగతి బడి బ్లాగులో చదివానని చెప్పి, వీధంతా చూస్తుండగా ఖాతూన్‌బీని పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకున్నాడు.

మరునాడు ఖాతూన్‌బీ ఆ మూట నెత్తిన పెట్టుకుని తరగతిలోకే వచ్చింది. టీచరు బల్లమీద దించింది.

"టీచరమ్మా, పరిగంటే బిచ్చం కాదు. పంట పీకినాక గోవిందప్పన్నే రాండమ్మా అని పిలుస్తాడు. మా అత్త కాలం నుంచి అట్లే ఉండాది. నేను యాడన్నా చెయ్యి చాపితినా? పస్తులుంటామని రాసిందెవురు?"

నలభైమంది పిల్లలు చూస్తున్నారు. నేనే అనడానికి ఎంతసేపు? అంత చిన్నమాట టీచరు నోట్లోంచి రాలేదు.

"నేనే రాసినామ్మా" అంటూ నాజ్‌నీన్ లేచి నిలబడింది.

ఖాతూన్‌బీ కూతురి చెంప ఛెళ్లుమనిపించింది.

అప్పుడొచ్చింది టీచరుకు నోరు. "కొట్టొద్దమ్మా! ఆ మాటలు నావి. పాప రాయలేదు."

దెబ్బ పడ్డాక చెప్పిన నిజానికి విలువెంత? ఆ సంగతి ఆమెకే ముందు తెలిసింది.

ఖాతూన్‌బీ కూతురి చెంప నిమిరింది. "మరి నువ్వు రాసినానని ఎందుకు చెప్తివే?"

"టీచర్ అందరి ముందర చిన్నబోతాదని."

అరుణజ్యోతికి తల తీసేసినట్టయింది. "ఇప్పుడే అంతా తీసేస్తాను తల్లీ" అని కంప్యూటరు దగ్గరికి నడిచింది.

"వద్దు టీచర్. నేను రాసింది ఉండనీండి. ఆ రెండూ మీరు రాసినారని కింద పెట్టండి."

కంప్యూటరుకు తగిలించిన గోడమీది పెద్ద తెర వెలుగుతూనే ఉంది. అందరూ చూస్తుండగా టీచరు ఒక్కో అక్షరమే కొట్టింది. చివరి రెండు వాక్యాలు అబద్ధమనీ, ఆ పిల్లకు తెలియకుండా తానే కలిపాననీ రాసి, కింద తన పేరు పెట్టింది.

ఖాతూన్‌బీకి చదువు రాదు. "ఏం రాసినాదో గట్టిగా చదువు పాపా" అంది.

నాజ్‌నీన్ ప్రతి మాటా గట్టిగా చదివింది. టీచరు పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది.