నల్ల లప్పం

ఫోన్ ఆన్ కావడం లేదని ఎవరితోనైనా అంటే చాలు, మా బేతంచెర్లలో ప్రతివాడూ డాక్టరే. పక్కింటామె బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టమంది. ఎదురింటాయన ఎండలో ఆరబెట్టమన్నాడు. కిరాణా అంగడాయన బటన్ నొక్కిపట్టి అలాగే ఉంచమన్నాడు, ఎంతసేపని అడిగితే లేచేదాకా అన్నాడు. అన్నీ చేశాను. బటన్ నొక్కీ నొక్కీ నా బొటనవేలు వాచింది. ఫోన్ పూడ్చిన బియ్యమే పొద్దున వండుకుని తిన్నాం. ఫోన్ మాత్రం లేవలేదు.

నాకు, అంటే ఈ ఉరుకుందమ్మకు, కోపమెక్కువ అని మా వీధిలో అంటారు. ఎక్కువే. కానీ ఆ రెండు రోజులూ నాకొచ్చిన కోపం ఎవరికొచ్చినా ఇల్లు తగలబెట్టేవాళ్లు.

మా అమ్మాయి శివానికి కడపలో పాలిటెక్నిక్ సీటు వచ్చింది. రావడం వచ్చింది గానీ, మాకు ఈ సీటు కావాలి అని కంప్యూటర్లో ఒప్పుకుంటేనే అది మాది. ఒప్పుకోవాలంటే దరఖాస్తులో రాసిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ అంకెలు కొట్టాలి. ఫోన్ ఆగేనాటికి గడువు రెండు రోజులే ఉంది, రెండో రోజు సాయంత్రం దాటితే సీటు ఇంకొకరికి పోతుంది. దరఖాస్తులో రాసింది మా ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ఫోన్ నంబరు. ఆ ఫోన్ చచ్చి కూర్చుంది.

నెట్ సెంటరు అబ్బాయి మంచివాడే. ఫోన్ లేకపోయినా ఫర్వాలేదు, సిమ్ తీసుకొస్తే తన ఫోన్‌లో వేసి పని కానిస్తానన్నాడు. ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే సిమ్ ఉండే ట్రే బయటికి రాదు. పిన్నీసుతో పొడిస్తే పిన్నీసు వంగింది గానీ కన్నంలోకి దిగలేదు. కింద చార్జింగు కన్నం కూడా అంతే. చార్జరు పిన్ను అంచు దగ్గరే ఆగిపోతోంది. కడుపు మాడ్చిన పశువును లేచి నిలబడమంటే ఎలా నిలబడుతుంది?

అలా ఎందుకైందో మాకు తెలుసనే అనుకున్నాం. నేనూ మా ఆయన పరమేషూ పనిచేసేది నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో. నీళ్లు పోస్తూ రాయిని అరగదీస్తుంటే తెల్లటి బురద కాలవలై పారుతుంది. ఆరితే అదే సిమెంటు. మా గోళ్లలో అదే, చెవుల్లో అదే, అన్నం క్యారియర్ మూతలో అదే. ఫోన్ ఆ బురదలో పడిందని మా ఆయన ఒక సాయంత్రం పని నుంచి వస్తూనే చెప్పాడు. ఆ రాత్రికే చార్జింగు అయిపోయి ఆగిపోయింది.

చెప్పి నిమ్మళంగా కాళ్లు కడుక్కున్నాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. బిడ్డ సీటు ఆ ఫోన్‌లో ఉందని తెలిసీ జేబుకు గుండీ పెట్టుకోకుండా బురదలో పడేసుకున్న మనిషి, కనీసం నెత్తయినా కొట్టుకోవాలి కదా. నేను అరిచాను. ఆయన తలొంచుకుని ముద్ద కలుపుకున్నాడు. చివరికి, "రాసిపెట్టి లేదేమోలేమ్మే" అన్నాడు. శివాని కంచం ముందు నుంచి లేచిపోయింది.

రాసిపెట్టి లేదట. పదో తరగతిలో ఆ పిల్ల నా పక్కన కూర్చుని, నేను రాళ్ల బురద బట్టలు ఉతుకుతుంటే పాఠాలు పైకి చదివేది. వినీ వినీ నాకే సగం వచ్చాయి. అప్పుడు రాసిపెట్టిన దేవుడు ఎక్కడికి పోయాడు?

గడువు చివరి రోజు పొద్దున పనికి నాగా పెట్టి శివానిని వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర హబీబ్ అంగడికి పోయాను. హబీబ్ మా ఊరి ఫోన్లన్నీ బాగు చేస్తాడు. ముందు వేరే చార్జరు పెట్టి చూశాడు, దిగలేదు. చిన్న బ్రష్షుతో తోమాడు, ఏమీ రాలలేదు. సన్న సూది తీసుకుని కన్నంలో గీకాడు. సూది జర్రున జారిపోయింది. ఇంకోసారి గీకి, సూదిని చూసుకుని, నా ముఖం చూశాడు.

"అక్కా, బురద కాదిది. బురదైతే గీకితే పొడి రాలతాది. ఇదేందో పూసినట్టుండాది."

వెనక మూత వేడి చేసి ఊడదీయవచ్చు గానీ, సిమ్‌కు కూడా ఆ పూత అంటుకుని ఉంటే లాగేటప్పుడు విరుగుతుందన్నాడు. కొత్త సిమ్ తీసుకుందామా అంటే, మార్చిన సిమ్‌కు ఒక రోజు దాకా మెసేజీలు రావట, అప్పటికి గడువు దాటిపోతుంది. శివాని ఏడవలేదు. ఫోన్ వంకే చూస్తూ నిలబడింది. ఏడ్చినా బాగుండేది.

హబీబ్ దగ్గర పెద్ద భూతద్దం, దానికొక లైటు ఉన్నాయి. నన్ను చూడనియ్యమన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు. చూసి ఏం చేస్తాను నేను? వంగి చూశాను.

చూసి, అద్దాన్ని ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాను.

మా ఆయన పనేమిటో చెప్పాలి. గనిలో నుంచి వచ్చే రాళ్లలో సగానికి పగుళ్లుంటాయి. గట్టిపడే జిగురులో రాతి పొడి, రంగు కలిపి లప్పం చేసి, ఆ పగుళ్లలో నింపుతాడు. పచ్చ రాయికి పచ్చ, బూడిద రాయికి బూడిద. ఆరాక పాలిష్ పడితే పగులు ఎక్కడుందో కొన్నవాడికి కాదు, అమ్మినవాడికీ తెలియదు. ఆ రాళ్లను కడిగి పేర్చేది నేను. ఇన్నేళ్లుగా ఆయన పెట్టిన లప్పం మీద నా చేయి తిరుగుతోంది. ఎంత సన్న సందయినా అంచు దాటదు, గుంట పడదు. పని మీద అంత పిచ్చి ఆయనకు.

అద్దంలో నాకు కనిపించింది ఆ చెయ్యే. చార్జింగు కన్నం అంచుకు సరిగ్గా సమంగా, నున్నగా నింపి ఉంది. సిమ్ ట్రే పిన్ను కన్నంలోనూ, దాని చుట్టూ వెంట్రుక వాసి సందులో కూడా. రాతి బురద తెల్లగా ఉంటుంది. ఇది నల్లగా ఉంది. మా ఫోన్ నల్లది. ఫోన్‌కు సరిపోయేలా నలుపు రంగు కలిపాడు.

అంత పాడు పని చేస్తూ కూడా రంగు సరిచూసుకున్నాడు మహానుభావుడు.

హబీబ్ ఏమైందక్కా అంటున్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని బయటపడ్డాను. శివాని వెనక పరుగెత్తుకుంటూ వచ్చింది. దోవలో ఎవరో పలకరించారు. ఎవరో నాకు తెలియదు. ఫ్యాక్టరీ దాకా చెప్పుల కింద నేల ఉందో లేదో కూడా తెలియదు. పరాయివాడు చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని. రోజూ నేను వడ్డించిన అన్నం తిని, నా పక్కన పడుకుని, బియ్యం డబ్బాలో నేను ఫోన్ పూడ్చిపెడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. అదీ నా మంట.

ఫ్యాక్టరీలో పరమేష్ రాయి మీద వంగి లప్పం పెడుతున్నాడు. ఫోన్ తీసి ఆ రాయి మీదే పెట్టాను. మిషన్ మోతలో ఏమీ వినబడదు. మిషన్ నడిపే గాబ్రియేలు మా ఇద్దరి ముఖాలూ చూసి మిషన్ ఆపాడు. మా మీద దయతో కాదు, వినబడాలని.

"బురద తెల్లగుంటాది గదప్పా" అన్నాను. "ఇది నల్లగెట్లుండాది?"

ఆయన ఫోన్ వైపు చూశాడు. చేతిలో లప్పం గరిటె అలాగే ఉంది. అబద్ధం ఆడడానికి నోరు తెరిచి, నా కళ్లు చూసి మూసుకున్నాడు. "అక్కకు మాటిచ్చినా" అన్నాడు.

నందికొట్కూరులో ఉండే వాళ్లక్క, నాకు వదిన, నాగలక్ష్మమ్మ కొడుక్కు శివానిని ఇస్తానని, మొన్న ఉగాదికి పోయినప్పుడు ఒప్పుకున్నాడట. పిల్ల కడపకు పోయి హాస్టల్లో ఉంటే కోడలుగా వద్దని వదిన తెగేసి చెప్పిందట. నాకు చెబితే రభస చేస్తానని చెప్పలేదట. సీటు గడువు దాటిపోతే ఎవరి మీదా తప్పుండదు, అందరూ ఫోన్‌ను తిట్టుకుంటారు, అంతటితో పోతుంది అనుకున్నాడట. నిజమే. నేను ఫోన్‌నే తిట్టాను. రెండు రోజులు ప్రాణం లేని వస్తువును నోటికొచ్చినట్టు తిట్టాను. ప్రాణమున్నది ఎదురుగా కూర్చుని అన్నం తింది.

చేయెత్తాలనిపించింది. ఎత్తలేదు. చుట్టూ అందరూ చూస్తున్నారని కాదు. నేనొకటి కొడితే ఆయనకు తేలికైపోతుంది, తప్పుకు చెల్లు అనుకుంటాడు. ఆ తేలిక ఆయనకు ఇవ్వదలచుకోలేదు.

"నువ్వు పూసినావు" అన్నాను. "నువ్వే తియ్యి."

ఆయన కదల్లేదు. అప్పుడు నా వెనక నుంచి శివాని ముందుకొచ్చింది. దాని గొంతులో కోపం కూడా లేదు.

"నన్నడిగింటే చెప్తాంటి గదా నాయనా" అంది.

ఆ మాటకు వంగాడు మా ఆయన. సన్న కత్తి మొనను టీ కాచుకునే స్టవ్ మంట మీద వేడిచేసి, చార్జింగు కన్నం అంచున ఆనించి, ఒక్క పక్కన పైకి లేపాడు. లప్పం విరగకుండా ఒకే ముక్కగా, చిన్న బిరడా ఊడినట్టు, వచ్చేసింది. హబీబ్ సూది దిగని చోట మా ఆయనకు బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు. ఊడిన ముక్కను తీసుకుని తిప్పి చూశాను. దాని అడుగున తెల్లగా దూది ఉంది.

లోతు పగుళ్లకు అలాగే చేస్తారు. కింద దూది కుక్కి పైన లప్పం పెడతారు. ఇక్కడ దూది పెట్టింది మాత్రం, గడువు దాటాక పెళ్లగించుకోవడానికి. ఫోన్ పాడు కాకూడదు. ఫోన్ మీద అంత జాగ్రత్త. ఆ దూది ముక్కను ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను. గాబ్రియేలు తల తిప్పుకుని మిషన్ వేశాడు. మా ఆయన ట్రే చుట్టూ ఉన్నది కూడా తీసి, ఫోన్‌ను తన చొక్కాకు తుడిచి, శివానికి అందించాడు. అది తీసుకుంది గానీ ఆయన ముఖం చూడలేదు.

నెట్ సెంటరులోనే చార్జింగు పెట్టాం. కాసేపు నల్లగా ఉండి, ఆ తర్వాత మెల్లగా వెలిగింది. టింగుటింగుమంటూ రెండు రోజుల మెసేజీలన్నీ వచ్చిపడ్డాయి. ఓటీపీ రాగానే శివాని అంకెలు పైకి చదివింది, నెట్ సెంటరు అబ్బాయి కొట్టాడు. సీటు మాదైందన్నాడు. కాగితం తీసిచ్చాడు. శివాని ఆ కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడేడ్చింది.

మా ఆయన ఎప్పుడొచ్చాడో, బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు కూడా కడుక్కోలేదు, వేళ్లకు నల్ల రంగు అలాగే ఉంది. మేము బయటికి రాగానే లేచాడు. సీటు సంగతి అడగలేదు. శివాని ముఖం చూసి తెలుసుకున్నట్టున్నాడు. దోవలో చాలాసేపు వెనకే నడిచి, ఇంటి మలుపు దగ్గర నా పక్కకొచ్చాడు.

"అక్కకేం చెప్పాల?" అన్నాడు, చిన్న గొంతుతో.

నేను ఆగాను. శివాని చేతిలో నుంచి ఫోన్ తీసుకున్నాను.

"ఫోన్ పని చేస్తాండాది గదా" అన్నాను. "ఇప్పుడే చెప్పు."

నాగలక్ష్మమ్మ వదిన నంబరు నేనే నొక్కి, రింగవుతున్న ఫోన్‌ను ఆయన చెవి దగ్గర పెట్టాను.